బైలాస్ సవరించే అధికారాన్ని బోర్డుకు అప్పగించవచ్చా? మా తెలుగు సంఘం అనుభవం

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: కాలిఫోర్నియాలో లాభాపేక్ష లేని సంస్థగా నమోదైన మీ తెలుగు సంఘంలో 600 మంది ఓటు హక్కున్న సభ్యులు ఉన్నారు, జనరల్ బాడీ సమావేశానికి 40 మంది కూడా రారు, కోరం (సమావేశం చెల్లడానికి కావలసిన కనీస హాజరు) లేక బైలాస్ (సంఘం లోపలి నియమావళి) సవరణలు ఏళ్ల తరబడి వాయిదా పడుతున్నాయి, కాబట్టి “ఇకపై బైలాస్ సవరించే అధికారం బోర్డుదే” అనే ఒక్క వాక్యం చేర్చి ఈ చిక్కు వదిలించుకుందామని కార్యవర్గం అంటోంది. అధికారం ఇవ్వడంలో తప్పు లేదు గానీ, ఆ ఒక్క వాక్యంతో ఇవ్వకండి. నేను న్యాయవాదిని కాను. ఇలాంటి సంఘానికే నాలుగేళ్లు కార్యదర్శిగా ఉండి, ఇలాంటి నిబంధనను స్వయంగా రాసి, అది ఎక్కడ బెడిసికొట్టిందో చూసినవాణ్ణి.

ముందుగా చట్టం సంగతి. కాలిఫోర్నియా కార్పొరేషన్స్ కోడ్ 5150వ సెక్షన్ ప్రకారం ప్రజాప్రయోజన సంస్థల్లో (లాభాపేక్ష లేని సంస్థల్లో ఒక రకం) బైలాస్ సవరించే అధికారం మామూలుగా బోర్డుకు ఉండనే ఉంటుంది. సభ్యుల ఓటు హక్కులకు గణనీయంగా నష్టం కలిగించే మార్పులను మాత్రం బోర్డు తనంతట తాను చేయలేదు. డైరెక్టర్ల పదవీకాలాన్ని పెంచే సవరణకు సభ్యుల ఆమోదం ఉండాలని 5220వ సెక్షన్ విడిగా చెబుతుంది. ఆర్టికల్స్‌లో (సంఘాన్ని నమోదు చేసిన పత్రంలో) గాని బైలాస్‌లో గాని బోర్డు అధికారాన్ని తగ్గించుకునే వీలు కూడా చట్టమే ఇచ్చింది. మీ దగ్గర ఇప్పుడు కోరం అడ్డు వస్తున్నదంటే, మీ సంఘం స్థాపకులు అలాంటి పరిమితిని ఎక్కడో రాసుకుని ఉంటారు. ముందు ఆ వాక్యాన్ని వెతికి పట్టుకోండి. సంఘం నిజంగా ఏ రాష్ట్రంలో నమోదైందో కూడా ఒకసారి చూసుకోండి, ఎందుకంటే మనవాళ్లు మొదట ఎవరి ఇంట్లో కూర్చుని సంఘం పెట్టారో ఆ రాష్ట్రంలోనే నమోదు చేసి, తర్వాత ఆ విషయం మరచిపోవడం అరుదేమీ కాదు. డెలావేర్ రాష్ట్రంలో నమోదైతే లెక్క తిరగబడుతుంది: అక్కడి కార్పొరేషన్ చట్టం 109వ సెక్షన్ ప్రకారం సవరణాధికారం సభ్యులదే, బోర్డుకు ఇవ్వాలంటే ఆ మాట నమోదు పత్రంలోనే ఉండాలి, అలా ఇచ్చినా సభ్యుల అధికారం తగ్గదు. ఇండియాలో కంపెనీ వ్యవహారాలు చూసివచ్చినవారికి ఇదంతా వింతగా ఉంటుంది, ఎందుకంటే 2013 కంపెనీల చట్టం 14వ సెక్షన్ కింద ఆర్టికల్స్ (అక్కడ కంపెనీ లోపలి నియమావళికి ఇదే పేరు) మార్చాలంటే సభ్యుల ప్రత్యేక తీర్మానం తప్పదు, బోర్డు ఒక్కటే చేయడానికి అక్కడ వీలు లేదు.

ఇక మా సంఘంలో జరిగింది. బోర్డుకు అధికారం ఇస్తూ మూడు అంశాలను మినహాయించాము: ఎన్నికల విధానం, పదవీకాలం, సంఘం రద్దు. ఆ జాబితా రాసింది నేనే, రాసినప్పుడు గట్టిగా రాశాననే అనుకున్నాను. రెండో సంవత్సరం కోశాధికారి సభ్యత్వ రుసుము గురించి ఒక చిన్న సవరణ తెచ్చారు. అంతవరకు ఎన్నికలలోపు ఎప్పుడు రుసుము కట్టినా ఆ ఏడాది సభ్యులే. ఇకపై జనవరి 31 లోపు కట్టినవారే ఆ ఏడాది సభ్యులు. ఏడాది పొడవునా చెక్కులు ఏరుకోలేక ఆయన నిజంగానే విసిగిపోయి ఉన్నారు. రుసుము విషయం మా మూడు మినహాయింపుల్లో లేదు, ఎవరికీ అనుమానం రాలేదు, చేయి ఎత్తినవారిలో నేనూ ఉన్నాను. అయితే మా ఊళ్లో చాలా కుటుంబాలు రుసుము కట్టేది ఉగాది వేడుక రోజున, హాలు గుమ్మం దగ్గరి బల్ల మీద, భోజనం టోకెన్లతో పాటు. ఉగాది మార్చిలోనో ఏప్రిల్‌లోనో వస్తుంది. శరదృతువులో ఎన్నికల జాబితా బయటికి వచ్చేసరికి దాదాపు సగం పేర్లు లేవు. పోయినవారిలో కొత్తగా వచ్చిన కుటుంబాలే ఎక్కువ, వాళ్లలో చాలామంది అవతలి ప్యానెల్ వైపు ఉన్నారు. ఉద్దేశం ఏదైనా, బయటివారికి అది ఎలా కనిపించిందో వేరే చెప్పనక్కరలేదు. మేము సంప్రదించిన న్యాయవాది ఆ సవరణ చదివి, ఇది ఓటు హక్కును తాకింది కాబట్టి సభ్యుల ఆమోదం లేకుండా చెల్లదని ఒక్క మాటలో తేల్చారు. సవరణను వెనక్కి తీసుకుని, ఎన్నికలను ఆరు వారాలు వాయిదా వేసి, అందరికీ క్షమాపణ లేఖ పంపించాము.

అందుకే మినహాయింపులను అంశాలవారీగా రాయవద్దని చెబుతున్నాను. ఎంత పొడుగు జాబితా రాసినా, అందులో లేని ఏదో ఒక నిబంధన గుండా ఓటు హక్కు జారిపోవచ్చు. దాని బదులు, ఏ సవరణ వల్లనైనా ఎవరు ఓటు వేయగలరు, ఎవరు పోటీ చేయగలరు, ఎవరు ఎంతకాలం పదవిలో ఉంటారు అన్నది మారితే, ఆ సవరణ ఏ అధ్యాయంలో ఉన్నా సభ్యుల ఆమోదం కావాలని రాయండి. బోర్డుకు అధికారమిచ్చే నిబంధనను బోర్డే మార్చుకోకూడదని కూడా అందులోనే చేర్చండి. ఈ ముక్క మేము మరచిపోయాము, అదృష్టం కొద్దీ దాన్ని ఎవరూ వాడుకోలేదు. సవరణ పాఠాన్ని బోర్డు ఓటింగుకు 30 రోజుల ముందు సభ్యులందరికీ పంపాలని, ఆ రోజు హాజరైనవారిలో కాక మొత్తం డైరెక్టర్లలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలని, తర్వాతి జనరల్ బాడీ తిరస్కరిస్తే సవరణ రద్దవుతుందని మేము రెండోసారి రాసుకున్నాము. ఈ మూడింటిలో ముందస్తు నోటీసే ఎక్కువ పని చేసిందని నా అభిప్రాయం. పాఠం ముందే చేతికి వస్తే, చదివే ఓపికున్న మనిషి 600 మందిలో ఒక్కరైనా ఉంటారు.

సభ్యులు సంఘంలో చేరిన తర్వాత బోర్డు చేసే సవరణలు తమకు వర్తించవని కొందరు అనుకుంటారు, కానీ 2014లో డెలావేర్ సుప్రీం కోర్టు అందుకు విరుద్ధంగా చెప్పింది. టెన్నిస్ టోర్నమెంట్లను నడిపే ఏటీపీ టూర్ కూడా సభ్యులతో ఏర్పడిన సంస్థే. సంస్థ మీద దావా వేసి గెలవని సభ్యుడే కోర్టు ఖర్చులు భరించాలని దాని బోర్డు ఒక బైలా చేర్చింది. అలాంటి బైలా పైకి చూడగానే చెల్లనిదేమీ కాదని, అది రాకముందు చేరిన సభ్యులకు కూడా వర్తించగలదని, అనుచిత ఉద్దేశంతో తెచ్చినట్టయితే మాత్రం అమలు చేయకూడదని కోర్టు తేల్చింది. అది డెలావేర్ తీర్పే అయినా, బోర్డుకు ఇచ్చే అధికారం ఎంతదూరం పోగలదో చూపడానికి మా జనరల్ బాడీలో దాన్నే ఉదాహరించాను.

మీ అసలు జబ్బు కోరం అయితే దానికి వేరే మందు కూడా ఉంది. బైలాస్‌లో ఏమీ రాయకపోతే కాలిఫోర్నియాలో సభ్యుల కోరం మూడింట ఒక వంతు, అంటే మీకు 200 మంది. కానీ 5512వ సెక్షన్ ప్రకారం బైలాస్‌లో అంతకంటే తక్కువ పెట్టుకోవచ్చు, అప్పుడు మూడో వంతు కంటే తక్కువ మంది వచ్చిన సమావేశంలో నోటీసులో చెప్పిన విషయాల మీదే ఓటింగు జరపాలి. మీ ఆర్టికల్స్ గాని బైలాస్ గాని నిషేధించకపోతే 5513వ సెక్షన్ కింద సమావేశమే లేకుండా సభ్యులకు లిఖిత బ్యాలెట్ పంపవచ్చు. కోరానికి సరిపడా బ్యాలెట్లు తిరిగి వచ్చి, సమావేశంలో అయితే కావలసినన్ని ఓట్లు అనుకూలంగా పడితే చాలు. ఇంటి నుంచి టిక్కు పెట్టి పంపేవారు హాలుకు వచ్చేవారికంటే ఎన్నో రెట్లు ఉంటారని మాకు మొదటిసారే తెలిసింది. బోర్డుకు అధికారమిచ్చే సవరణను కూడా ఆ దారిలోనే ఆమోదింపజేసుకున్నాము.

ఆమోదం పొందాక, మారిన బైలాస్ ప్రతి మీద తేదీ వేసి పాత ప్రతులను పక్కన పెట్టండి. మీ సంఘం ఐఆర్‌ఎస్‌కు (అమెరికా పన్నుల శాఖకు) పూర్తి ఫారం 990 (లాభాపేక్ష లేని సంస్థల వార్షిక నివేదిక) దాఖలు చేస్తుంటే, అందులో ఆరో భాగం నాలుగో వరుసలో పాలనా పత్రాల్లో ముఖ్యమైన మార్పులు జరిగాయా అని అడుగుతారు. ఆ ఏడాది అక్కడ “అవును” అని రాసి వివరం జతచేయమని మీ అకౌంటెంటుకు ముందే చెప్పి ఉంచండి.