జర్మన్ సైనికుల మచ్చల బట్టను రెండు వైపులా వేసుకునేవారా?

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల కామోఫ్లాజ్ బట్టలను, అంటే శత్రువు కంటపడకుండా వేసుకునే మచ్చల బట్టలను, తిరగేసి కూడా తొడుక్కునేవారట, నిజమేనా, అసలు అది ఏం గుడ్డ అని అడిగారు. నిజమేనండీ. కాకపోతే అందరికీ ఉండేవి కావు. మామూలు సైనికుడిది బూడిద కలిసిన ఆకుపచ్చ రంగు ఉన్ని యూనిఫామే. మచ్చల గుడ్డ అతని చేతికి ఎక్కువగా వచ్చింది డేరా రూపంలో.

జర్మనీలోని డ్రెస్డెన్‌లో చదువుకునే రోజుల్లో ఒక ఆదివారం పాత సామాన్ల సంతలో దాన్ని చూశాను. పేరు ట్సెల్ట్‌బాన్ 31, అంటే 1931 నాటిది. త్రికోణం, రెండు పక్కలు దాదాపు రెండేసి మీటర్లు, అంచుల వెంట గుండీలు, కాజాలు. నాలుగింటిని కలిపితే నలుగురికి డేరా. ఒక్కటే ఉంటే మధ్య చీలికలో తల దూర్చి వాన కోటులా కప్పుకోవడమే. పగిలిన గాజు పెంకుల్లాంటి మచ్చలు, వాటి మీద వాన జల్లులా సన్నటి ఆకుపచ్చ గీతలు. ఒక వైపు ముదురు, ఇంకో వైపు లేత.

మా నాన్నది పెడనలో అద్దకం పని. పల్చటి గుడ్డ మీద అద్దితే రంగు వెనక్కి దిగుతుందని చిన్నప్పుడే తెలుసు, అందుకే చేతికి రాగానే తిరగేసి చూశాను. నూలు పోగుల నేత ఎంత బిగువంటే, గోటితో గీస్తే అట్టలా చప్పుడైంది. వాన నీళ్ళు ఆపడానికి కావలసిన బిగువే రెండు వైపుల అద్దకానికీ పనికొచ్చిందన్నమాట.

ధర అందక కొనలేదు. తర్వాత ఆన్‌లైన్‌లో చవగ్గా ఒకటి తెప్పించి మోసపోయాను. అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే కుట్టు దారాలు నీలంగా మెరిశాయి, అంటే ఈ కాలపు దారమే!

మీరు అడిగిన చొక్కాలు ఎస్ఎస్ దళాలవి, అంటే నాజీ పార్టీ సొంత సాయుధ దళాలవి. లాల్చీలా తల మీంచి తొడుక్కోవాలి, నడుముకీ మణికట్టుకీ ఎలాస్టిక్. ఒక వైపు వసంతానికి ఆకుపచ్చ, రెండో వైపు శరదృతువుకి గోధుమ రంగు. 1944లో వచ్చిన బఠాణీ చుక్కల యూనిఫామ్‌కి మాత్రం ఈ సదుపాయం లేదు, అచ్చు ఒక వైపే.

చలికాలపు దళసరి సూట్లు కూడా తిరగేసేవే. ఒక వైపు తెలుపు, రెండో వైపు మొదట్లో బూడిద రంగు, తర్వాత మచ్చలు. చేతికి రంగు పట్టీ తగిలించుకోవడానికి వాటికి గుండీలుండేవి. ఎదురుగా వచ్చే రష్యన్లూ తెల్లబట్టల్లోనే ఉండేవారు, తమవాడెవడో తెలియాలిగా.