నడవనని కూర్చుండిపోయే బాబును కదిలించడం గురించి

మీ బాబుకు 15 ఏళ్లు, డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే ఒక క్రోమోజోమ్ ఎక్కువగా ఉండే స్థితి), బరువు పెరుగుతోంది, వాకింగ్ అంటే చాలు కూర్చుండిపోతాడు అని రాశారు కదండీ. టెన్షన్ పడకండి, ముందు వ్యాయామం అనే మాటే పక్కన పెట్టేయండి. తనకు ఇష్టమైన పాట పెట్టి మీరూ కలిసి పది నిమిషాలు డ్యాన్స్ చేయండి, రోజూ అదే టైముకి, అదే పాటతో, ఎందుకంటే తర్వాత ఏం జరగబోతోందో ముందే తెలిస్తే చాలామంది ఇలాంటి పిల్లలకు భయం తగ్గుతుంది, మనం మొండితనం అనుకునేది చాలాసార్లు ఆ భయమే. చెప్పడం కంటే చేసి చూపించండి. వైకల్యం ఉన్న 5-17 ఏళ్ల పిల్లలకు కూడా రోజుకు సగటున 60 నిమిషాలు శరీరం కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది, కానీ అదంతా ఒకేసారి అక్కర్లేదు, కొంచెం కదిలినా మేలే. బరువు ఒక్కటే చూస్తూ కూర్చోకండి, కండరాల బలం, బ్యాలెన్స్, నిద్ర, మూడ్ అంతకంటే ముందే మెరుగుపడొచ్చు.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. డౌన్ సిండ్రోమ్‌లో మెడ ఎముకల కీళ్లు వదులుగా ఉండొచ్చు, అందుకే డాక్టర్‌ని అడగకుండా పిల్లిమొగ్గలు వేయించకండి. గుండె, థైరాయిడ్ కూడా చూపించండి, థైరాయిడ్ హార్మోన్ తగ్గినా బరువు పెరిగి నీరసంగా ఉంటారు. మెడనొప్పి, నడకలో తేడా, చేతుల్లో పట్టు తగ్గడం కనిపిస్తే అన్నీ ఆపేసి వెంటనే తీసుకెళ్లండి.