స్మార్ట్ మీటర్ వద్దంటే డబ్బులు కట్టాలా?

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో ఉంటామండీ, అపార్ట్‌మెంట్. మా బెడ్రూమ్ గోడ అవతలే రీడింగ్‌ని సిగ్నల్‌తో వాటంతటవే పంపే స్మార్ట్ కరెంట్ మీటర్లన్నీ వరసగా ఉన్నాయి, అత్తయ్యగారు వచ్చిన దగ్గర్నుంచీ ఆ రేడియేషన్‌కే నిద్ర పట్టట్లేదంటున్నారు. కరెంట్ కంపెనీ పీజీ అండ్ ఈ వాళ్ళకి చెప్తే మాది తీసేసి పాత రకం మీటర్ పెడతారట గానీ ఫీజు కట్టాలట, నిజమేనా?

జవాబు: నిజమేనండీ. 2012లో కరెంట్ కంపెనీల్ని అదుపు చేసే అక్కడి పబ్లిక్ యుటిలిటీస్ కమిషన్ ఈ వెసులుబాటు ఇచ్చింది, మొదట 75 డాలర్లు, తర్వాత నెలకి 10, తక్కువ ఆదాయం వాళ్ళకి ఇచ్చే కేర్ డిస్కౌంట్ ఉంటే మొదట 10, తర్వాత నెలకి 5. నెలనెలా కట్టేది మూడేళ్ళే అని 2014లో ఇంకో ఆర్డర్ వేశారు. పాత మీటరైతే రీడింగ్ తీయడానికి మనిషి రావాలి కదా, ఆ ఖర్చు అన్నమాట. వద్దనుకునే వాళ్ళ దగ్గరే ఎదురు వసూలు చేయడం ఏం న్యాయం అని అప్పట్లో గొడవ బానే జరిగింది, నాకూ అది కొంచెం అన్యాయంగానే అనిపిస్తుంది.

కానీ మీ విషయంలో ఆ 75 దండగేనండీ! మీదొక్కటి మారిస్తే ఆ గోడకే ఉన్న పక్కవాళ్ళ మీటర్లు ఎక్కడికి పోతాయి? పైగా ఆ మీటరు రోజంతా కలిపి సిగ్నల్ పంపేది సగటున నిమిషం లోపే, ఇంట్లో వైఫై, దిండు కింద ఫోను అంతకంటే ఎక్కువే పంపుతాయి. రేపు ఎలక్ట్రిక్ కారు కొంటే రాత్రి చౌక రేటు ప్లాన్‌కి మళ్ళీ ఈ మీటరే కావాలి. అత్తయ్యగారు ఇండియా నుంచి కొత్తగా వచ్చుంటే జెట్‌లాగ్ కూడా చూడండి, అది తగ్గేదాకా మంచం అవతలి గోడకి జరపండి.