కేసు తగ్గింది కదా, ఫారంలో ‘నో’ పెట్టొచ్చా?

ప్రశ్న: కాలిఫోర్నియాలో హెచ్1బీ మీద పనిచేస్తున్నాను. 2024లో ఒక పార్టీ నుంచి వస్తుంటే పోలీసులు ఆపారు. మద్యం టెస్ట్‌లో 0.09 వచ్చింది. రాత్రి అరెస్టు చేసి పొద్దున వదిలేశారు. లాయర్‌ను పెట్టుకున్నాక డీయూఐ (తాగి బండి నడపడం) కేసును ‘వెట్ రెక్‌లెస్’కి తగ్గించారు. జరిమానా కట్టాను, క్లాసులకు వెళ్లాను, ప్రొబేషన్ కూడా అయిపోయింది. డిసెంబర్‌లో చెల్లి పెళ్లికి హైదరాబాద్ వెళ్లి, పనిలో పనిగా వీసా స్టాంపింగ్ కూడా చేయించుకుందామనుకుంటున్నాను. ‘ఇప్పుడది డీయూఐ కాదు కాబట్టి ఎక్కడా చెప్పక్కర్లేదు’ అంటున్నారు ఫ్రెండ్స్. నిజమేనా? ఇది ఎన్నాళ్లు వెంటపడుతుంది?

జవాబు: మీ ఫ్రెండ్స్ చెప్పింది సగం నిజం. మీకు పడింది డీయూఐ శిక్ష కాదు. కానీ చెప్పక్కర్లేదన్నది తప్పు. మీ కొంప ముంచేది ఏదైనా ఉంటే అదే.

ముందు కోర్టు ఇచ్చిన కాగితం బయటికి తీయండి. శిక్ష పడిన సెక్షన్ దగ్గర 23103 అని, దాని పక్కనే 23103.5 అని ఉంటుంది. మొదటిది నిర్లక్ష్యంగా బండి నడపడం. రెండోది చూడ్డానికి తోకలా ఉంటుంది గానీ విషయమంతా అందులోనే ఉంది. ఈ కేసులో మద్యం సంగతి ఉందని ప్రాసిక్యూటర్ రికార్డుకెక్కించారని దానర్థం. ‘వెట్’ అనే పేరు వచ్చింది అందుకే. బేరం కుదిరాక ఈ ముక్కను ఎవరూ పెద్దగా చదివి వినిపించరు. ఆ రోజు క్లయింటు కూడా వినే స్థితిలో ఉండడు లెండి.

ఆ తోక వల్ల, 2024 నాటి ఘటన నుంచి 10 ఏళ్లలోపు మళ్లీ తాగి బండి నడుపుతూ దొరికితే అది మొదటి కేసు కాదు, రెండో కేసే. మొదటి డీయూఐకి గరిష్ఠంగా ఆరు నెలల జైలైతే, రెండోదానికి ఏడాది. వెట్ రెక్‌లెస్‌కి గరిష్ఠం 90 రోజులే కాబట్టి ఈసారి మీకు లాభం జరిగిన మాట వాస్తవం. రెండోసారి మాత్రం ఆ తగ్గింపు అక్కరకు రాదు.

డీఎంవీ (డ్రైవింగ్ లైసెన్సులిచ్చే రాష్ట్ర శాఖ) లెక్క వేరు. కోర్టుతో పనిలేకుండా 0.08, ఆపైన వస్తే లైసెన్సును నాలుగు నెలలు సస్పెండ్ చేసే అధికారం వాళ్లకుంది. దాని మీద విచారణ అడగడానికి అరెస్టయ్యాక 10 రోజులే గడువు. మీకది దాటిపోయిన సంగతి, వదిలేద్దాం. ఇన్సూరెన్స్ సంగతంటారా, వెట్ రెక్‌లెస్‌కి మీ లైసెన్సు రికార్డులో రెండు పాయింట్లు పడతాయి. మూడేళ్లలో ఒకటికి మించి పాయింట్లు ఉంటే గుడ్ డ్రైవర్ డిస్కౌంట్ పోతుంది. రాష్ట్ర చట్టం ప్రకారం ఆ డిస్కౌంట్ కనీసం 20 శాతం. ప్రీమియం చూసి కంగారుపడకండి.

ఇక వీసా. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో అడిగేది ‘మీకు డీయూఐ శిక్ష పడిందా’ అని కాదు. ఏదైనా నేరానికి ఎప్పుడైనా అరెస్టయ్యారా లేదా శిక్ష పడిందా అని. మధ్యలో ఆ ‘లేదా’ ఉంది చూశారా? శిక్షను తగ్గించగలిగారు, అరెస్టును ఎవరూ తగ్గించలేదు. మీ వేలిముద్రలు ఆ రాత్రే సిస్టంలోకి వెళ్లాయి. జవాబు ‘యెస్’. ఒకే ఒక్క వెట్ రెక్‌లెస్ వల్ల మామూలుగా వీసాకు శాశ్వతంగా అనర్హులు కారు. కావాలని ‘నో’ పెట్టి దొరికితే మాత్రం, ముఖ్యమైన విషయంలో అబద్ధం చెప్పారని జీవితాంతం ఉండే నిషేధం పడొచ్చు. తాగినదానికి పడని శిక్ష దాచినదానికి పడుతుందన్నమాట.

ఇంకో విషయం. డీయూఐ అరెస్టు ఒక్కటి చాలు, శిక్ష పడకపోయినా, ఉన్న వీసాను అమెరికా విదేశాంగ శాఖ రద్దు చేయొచ్చు. 2015 నుంచీ ఈ పద్ధతి ఉంది. ఆ కబురు సాధారణంగా వీసా అప్లికేషన్‌లో ఇచ్చిన ఈమెయిల్‌కి వస్తుంది. పాత మెయిల్ ఐడీ అయినా సరే తెరిచి, స్పామ్ ఫోల్డర్ కూడా చూడండి. పాస్‌పోర్టులో స్టాంపు చెక్కుచెదరకుండా కనిపిస్తుంది గానీ, రద్దయ్యాక అది ఉత్త కాగితం. అమెరికాలో ఉన్నంతకాలం మీ ఐ-94కి (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు), ఉద్యోగానికి దానివల్ల మామూలుగా ఇబ్బంది రాదు. బయటికెళ్లి తిరిగి రావాలంటేనే కొత్త వీసా కావాలి. అందుకని ‘స్టాంపింగ్‌కి వెళ్లకుండా పాత వీసాతోనే వచ్చేస్తా’ అనే ఆలోచన ఉంటే ముందు ఇది తేల్చుకోండి.

అరెస్టై ఐదేళ్లు కాలేదు కాబట్టి ఇంటర్వ్యూ తర్వాత వైద్య పరీక్షకు పంపుతారనే అనుకోండి. కాన్సులేట్ గుర్తించిన డాక్టర్ దగ్గరికే వెళ్లాలి, మీ ఫ్యామిలీ డాక్టర్ ఉత్తరం దానికి బదులు కాదు. వారానికి ఎన్నిసార్లు తాగుతారు, ఆ రోజు ఎంత తాగారు అని అడుగుతారు. కోర్టు కాగితాల్లో ఒకటి, మీ నోట ఇంకొకటి ఉండకూడదు.

ప్రొబేషన్ అయ్యింది కాబట్టి ఎక్స్‌పంజ్‌మెంట్‌కి (శిక్షను కోర్టు కొట్టేయడానికి) వేయించుకోండి. కాలిఫోర్నియాలో ప్రైవేట్ ఉద్యోగాలకు పనికొస్తుంది. కానీ ఇమిగ్రేషన్‌లో అది చెల్లదు, పదేళ్ల లెక్కలోంచీ పోదు. గ్రీన్‌కార్డు దరఖాస్తులోనూ, రేపు సిటిజన్‌షిప్ ఫారంలోనూ ఈ అరెస్టు మళ్లీ రాయాల్సిందే. ఒక్క కేసుకే అవి ఆగిపోవాలని లేదు. సిటిజన్‌షిప్‌కి నడవడిక చూసే ఐదేళ్ల వ్యవధిలో రెండు డీయూఐ శిక్షలుంటే మాత్రం మంచి నడవడిక లేదనే అనుమానంతో మొదలుపెడతారు. కెనడా ట్రిప్పు ఏదైనా ఉంటే విడిగా సలహా తీసుకోండి. 2018 డిసెంబర్ నుంచి అక్కడ తాగి నడపడాన్ని తీవ్రమైన నేరాల కింద లెక్కేస్తున్నారు.

డిసెంబర్ గురించి: పెళ్లికి వెళ్లొద్దనను. తిరుగు టికెట్ తేదీ మార్చుకునే వీలున్నది కొనండి. ఆలస్యమైతే ఇండియా నుంచి పనిచేయనిస్తారో లేదో మేనేజర్‌ని ఇప్పుడే అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోండి. పోలీస్ రిపోర్టు, కోర్టు తీర్పు, క్లాసులు పూర్తిచేసిన సర్టిఫికెట్, ప్రొబేషన్ ముగిసినట్టు రుజువు, అన్నీ రెండేసి సెట్లు చేయించండి. తీర్పు మాత్రం కోర్టు క్లర్క్ ముద్ర ఉన్న కాపీయే కావాలి, ఫోన్‌లో తీసిన ఫొటో కాదు. ఒక సెట్టు చెక్-ఇన్ సూట్‌కేసులో వేయకుండా చేతి బ్యాగులో పెట్టుకోండి.