టెస్టర్‌లో సంఖ్యలు కలిస్తే ఈఎల్84 వాల్వులు జత కుదిరినట్టేనా?

స్టీరియో పుష్‌పుల్ యాంప్లిఫయర్ (ఒక్కో చానల్‌లో రెండు వాల్వులు జతగా పనిచేసేది) కోసం మీ దగ్గర నాలుగు ఈఎల్84 వాల్వులు, అంటే వాక్యూమ్ ట్యూబులు, ఉన్నాయి. ఎమిషన్ టెస్టర్‌లో 82, 80, 71, 70 వచ్చాయి. మొదటి రెండూ ఒక జతగా, మిగతా రెండూ మరో జతగా పెట్టవచ్చా అని అడిగారు. తొందరపడకండి. సరిగ్గా ఇలాగే చేసి నేను దెబ్బతిన్నాను.

మా నాన్నగారి పాత వాల్వు యాంప్లిఫయర్‌ను బాగుచేస్తున్న రోజులవి. బెంగళూరు బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) తయారీ ఈఎల్84లు రెండింటికి టెస్టర్‌లో 78, 79 వచ్చాయి. ఇంతకన్నా మంచి జోడీ దొరకదనుకుని బిగించాను. పావుగంట తర్వాత లైటు ఆర్పి చూస్తే ఒకదాని ప్లేటు (లోపలి లోహపు రేకు) మీద గోరంత మేర మసక ఎరుపు, అంటే అది మోతాదు మించి వేడెక్కుతోంది. పక్కది మామూలుగానే ఉంది. స్పీకర్‌లో సన్నగా హమ్ కూడా మొదలైంది. వెంటనే స్విచ్ ఆపేశాను.

వాల్వులో కాథోడ్ ఎలక్ట్రాన్లను వదులుతుంది, ప్లేటు అందుకుంటుంది, మధ్యలోని గ్రిడ్, స్క్రీన్ ఆ ప్రవాహాన్ని ప్రభావితం చేస్తాయి. ఎమిషన్ టెస్టర్ గ్రిడ్‌ను, స్క్రీన్‌ను, ప్లేటును ఒకటిగా కలిపేసి, కాథోడ్‌లో సత్తువ ఎంత మిగిలిందో మాత్రమే చూస్తుంది. గ్రిడ్ వోల్టేజికి ఆ వాల్వు ఎంత కరెంటు తీసుకుంటుందో అందులో తెలియదు. జత కుదరాల్సింది అక్కడే. గ్రిడ్‌కు సిగ్నల్ ఇచ్చి కొలిచే మ్యూచువల్ కండక్టెన్స్ టెస్టర్లు ఇంతకన్నా చాలా మేలు. కానీ మీ యాంప్లిఫయర్‌లోని 300 వోల్టుల దగ్గర వాల్వు ఎలా నడుస్తుందో వాటిలో చాలావరకు చూపలేవు.

అందుకని ఒక్కో కాథోడ్‌కు, రెండింటికీ ఉమ్మడిగా ఉన్న 130 ఓమ్‌ల రెసిస్టర్‌కు మధ్య 10 ఓమ్‌ల రెసిస్టర్ ఒక్కొక్కటి పెట్టాను. దాని మీద 0.40 వోల్టులు కనిపిస్తే 40 మిల్లీఆంపియర్లన్న మాట. అందులో నాలుగైదు స్క్రీన్‌వి. నా ‘జోడీ’లో ఒకదానికి 0.50, రెండోదానికి 0.31 వచ్చింది. మొదటిదానికి స్క్రీన్ వాటా పోను ప్లేటుకు 45 మిల్లీఆంపియర్లు, 290 వోల్టుల దగ్గర అంటే 13 వాట్లు. ఈఎల్84 ప్లేటు తట్టుకునేది 12 వాట్లే. రెసిస్టర్ ఉమ్మడిది కావడంతో, ఎక్కువ లాగే వాల్వు కాథోడ్ వోల్టేజిని పెంచి పక్కదాన్ని ఇంకా అణచేస్తుంది. పైగా రెండు కరెంటులూ సమానంగా లేకపోతే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఒకదాన్నొకటి రద్దు చేసుకోవు. హమ్ వచ్చేది, బేస్ పాడయ్యేది అందువల్లే.

వాల్వును తప్పుపట్టే ముందు రెండింటినీ సాకెట్లు మార్చి చూడండి. నాకు ఎరుపు వాల్వుతోపాటే వెళ్లింది, కాబట్టి తేడా వాల్వుదే. అదే యాంప్లిఫయర్ రెండో చానల్‌లో మాత్రం ఏ వాల్వు పెట్టినా ఒకే సాకెట్‌లో ఎర్రబడింది. గ్రిడ్‌కు సిగ్నల్‌ను మాత్రమే పంపి డీసీని ఆపాల్సిన కప్లింగ్ కెపాసిటర్ లీకై, సున్నా ఉండాల్సిన గ్రిడ్ మీద 1.8 వోల్టుల పాజిటివ్ కనిపించింది. కెపాసిటర్ మార్చగానే సరిపోయింది. ఈ పరీక్ష చేయక ఎంతమంది మంచి వాల్వులను పారేస్తున్నారో అని నాకు నిజంగా బాధేస్తుంది.

ఒక్క జాగ్రత్త. లోపల 300 వోల్టులుంటాయి. మీటర్ క్లిప్పులు స్విచ్ ఆపి, కెపాసిటర్లు ఖాళీ అయ్యాయని కొలిచి చూశాకే తగిలించండి. ఆన్ చేశాక లోపల చేయి పెట్టవద్దు.

టెస్టర్‌ను పక్కన పడేయమనడం లేదు. చచ్చిన వాల్వును, లోపల షార్టయినదాన్ని ఏరివేయడానికి అది కావాల్సిందే. మీ నాలుగూ ఆ పరీక్ష దాటితే పెన్సిల్‌తో అంకెలు వేసుకోండి. నాలుగింటిని రెండు జతలుగా విడదీయడానికి మూడు మార్గాలే ఉన్నాయి. ఒక్కో అమరికకు ఇరవై నిమిషాలు వేడెక్కనిచ్చి కొలవండి, గంటలో తేలిపోతుంది. రెండు చానళ్లలోనూ తేడా మూడు మిల్లీఆంపియర్ల లోపు ఉన్న అమరికను ఉంచేయండి. నా పెట్టెలో చివరికి 78కి తోడు దొరికింది 69 వచ్చిన వాల్వు. 0.41, 0.39. హమ్ పోయింది.