సముద్రం మీదికి పోయిన మొదటి వారమే నిద్ర పట్టట్లేదు.. ఇది ఒత్తిడేనా?

ప్రశ్న: నాకు 34 ఏండ్లు. మాది పరకాల దగ్గర ఊరు. ఖతార్‌ల సముద్రం మధ్యన గ్యాస్ ప్లాట్‌ఫామ్ మీద స్కాఫోల్డింగ్ (పరంజా కట్టే) పని చేస్త. ఎనిమిది వారాలు డ్యూటీ, నాలుగు వారాలు సెలవు. పోయిన ప్రతిసారి మొదటి వారం నిద్ర పట్టది. గుండె దడ, చెమటలు, చేతులు వణుకుతయ్. తర్వాత తగ్గుతది గానీ నైట్ షిఫ్ట్ పడితే మళ్లా అదే బాధ. ఇంటికి ఫోన్ చేస్తే అప్పుల ముచ్చట, లొల్లి. ఇంటికొస్తే మాత్రం మంచిగ నిద్ర పడతది. మందు అలవాటు లేదు, పొద్దుమూకి కల్లు తాగుత, అంతే. దోస్తు ఒకాయన అల్ప్రాజోలం గోళీలు తీసుకపొమ్మంటున్నడు. తీసుకపోవచ్చా?
- ఓ పాఠకుడు, హనుమకొండ జిల్లా

జవాబు: గోళీలు తీసుకుపోవద్దు. ఆందోళన తగ్గించడానికి, నిద్రకు వాడే ఈ అల్ప్రాజోలంపై గల్ఫ్ దేశాల్లో గట్టి నియంత్రణ ఉంది. డాక్టర్ చీటీ, కావాల్సిన అనుమతి లేకుండా బ్యాగులో దొరికితే కేసు పాలవుతారు. పైగా మీరు ఎత్తు మీద పనిచేసే మనిషి. రాత్రి వేసుకున్న గోళీ మత్తు తెల్లారి కాళ్లలో, చూపులో మిగిలే ఉంటుంది.

ఇక మీ ఉత్తరంలో నేను ఆగింది ‘కల్లు తాగుత, అంతే’ అన్న మాట దగ్గర. ఉద్యోగం వల్ల వచ్చే ఒత్తిడి సాధారణంగా వారాలు గడిచేకొద్దీ పెరుగుతుంది. అలసట పేరుకుంటుంది, ఇల్లు గుర్తొస్తుంది, చివరి వారాల్లో చిరాకు ఎక్కువవుతుంది. మీకేమో తిరగబడి ఉంది. పోగానే వణుకు, చెమటలు, వారం దాటితే తగ్గుదల. ఇంట్లో ఉన్నన్నాళ్లూ కమ్మని నిద్ర. ఇది మత్తుకు అలవాటుపడ్డ శరీరం, అది అకస్మాత్తుగా ఆగినప్పుడు చేసే గోల కావచ్చన్నది నా మొదటి అనుమానం.

చెట్టు మీది నుంచి దింపిన తాటికల్లు, ఈతకల్లు పులిశాక అందులో ఉండే ఆల్కహాల్ నాలుగైదు శాతమే. కానీ మన దగ్గర చాలాచోట్ల మండువల్లో, కాంపౌండుల్లో సీసాల్లో అమ్మేది అది కాదు. అల్ప్రాజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు మందులు కలిపి అమ్ముతున్న కేసులు తెలంగాణలో ఏళ్లుగా బయటపడుతూనే ఉన్నాయి. 2020 మార్చి లాక్‌డౌన్‌లో కల్లు దొరక్క ఫిట్స్‌తో, భ్రమలతో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం వరుస కట్టింది ఇందుకే. అంటే మీ దోస్తు తీసుకుపొమ్మంటున్న గోళీనే మీరు ఇంటి దగ్గర రోజూ సాయంత్రం తాగుతూ ఉండొచ్చు.

సెలవు రోజుల్లో ఏదైనా ఒక సాయంత్రం కల్లు దొరకలేదనుకోండి. ఆ రాత్రి నిద్ర లేకపోవడం, తెల్లారి చేతులు వణకడం, ఊరికే కోపం రావడం ఎప్పుడైనా జరిగిందా? జరిగితే నా అనుమానం బలపడినట్టే. అలాగని పరీక్ష కోసం మీ అంతట మీరు కల్లు ఆపి చూడొద్దు.

ఊరి నుంచి బయల్దేరే ముందు సాయంత్రం ఆఖరి సీసా అనుకుందాం. ఆల్కహాల్ మానినప్పటి లక్షణాలు 6 నుంచి 24 గంటల్లో మొదలవుతాయి. ఫిట్స్ వస్తే ఎక్కువగా 12-48 గంటల మధ్య వస్తాయి. అల్ప్రాజోలం అయితే ఒకట్రెండు రోజుల్లో మొదలై మరికొన్ని రోజులు ముదురుతుంది, దానికీ ఫిట్స్ వస్తాయి. శంషాబాద్, దోహా, అక్కణ్నుంచి సముద్రం మీదికి. సరిగ్గా మీరు హార్నెస్ కట్టుకొని స్కాఫోల్డ్ ఎక్కే రోజులే ఇవి.

కాబట్టి ఈసారి సెలవులో మొదటి వారమే సైకియాట్రిస్టును కలవండి. వరంగల్ ఎంజీఎంలోనైనా సరే, ఎక్కడైనా సరే. రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్లుగా, ఏ కాంపౌండ్‌లో అన్నది దాచకుండా చెప్పండి. ఒక్కసారిగా మానొద్దు. ‘రోజుకో సీసా తగ్గించుకుంటా’ అనే సొంత లెక్కా పనికిరాదు, ఎందుకంటే ఏ సీసాలో ఎంత మందు కలిసిందో అమ్మేవాడికే తెలియదు. డాక్టర్ దాని బదులు కొలత తెలిసిన, శరీరంలో ఎక్కువసేపు నిలిచే గోళీ ఇచ్చి మెట్లు మెట్లుగా తగ్గిస్తారు. అవసరాన్ని బట్టి బి1 విటమిన్ జత చేస్తారు. ఏళ్ల అలవాటైతే ఇది నాలుగు వారాల్లో ముగియకపోవచ్చు. అప్పుడు ప్రయాణం వెనక్కి జరుపుకోవాల్సిందే. కంపెనీ మూత్ర పరీక్ష చేస్తే అందులో ఈ మందులు కొన్ని రోజుల దాకా, డయాజెపామ్ అయితే వారాల తరబడి కనిపిస్తాయి. కల్లులో కలిపారంటే కంపెనీ వినదు.

ఇది చదివేసరికి మీరు ప్లాట్‌ఫామ్ మీదే ఉండి వణుకు మొదలైతే స్కాఫోల్డ్ ఎక్కకుండా నేరుగా మెడిక్ (అక్కడుండే వైద్య సిబ్బంది) దగ్గరకు వెళ్లండి. జ్వరం, లేనివి కనిపించడం, ఎక్కడున్నామో తెలియకపోవడం ఉంటే అది అత్యవసరం, ఒడ్డుకు తరలించాల్సిన పరిస్థితి. ఉద్యోగం పోతుందని దాచేవాళ్లు ఉన్నారు. ఎత్తు మీద ఫిట్స్ వస్తే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు.

నైట్ షిఫ్ట్ బాధ వేరు, అది నిజంగా షిఫ్టుదే. శరీరంలోని గడియారం రోజుకు సుమారు గంట మాత్రమే జరుగుతుంది. పగటి నుంచి రాత్రికి మారితే మొదటి నాలుగైదు రోజులు ఎవరికైనా కష్టమే. మీ డ్యూటీ సాయంత్రం 6 నుంచి ఉదయం 6 దాకా అనుకుంటే, అర్ధరాత్రి దాటాక టీ, కాఫీ, ఎనర్జీ డ్రింక్ ముట్టొద్దు. తాగిన కెఫీన్‌లో సగం పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. 4 గంటలకు తాగిన టీ మీరు మంచమెక్కేసరికి సగానికి పైగా ఒంట్లోనే ఉంటుంది. షిఫ్ట్ దిగాక డెక్ మీద నడిచేటప్పుడు నల్ల కళ్లద్దాలు పెట్టుకోండి, పొద్దుటి వెలుతురు పడితే మెదడు తెల్లారిందనుకుంటుంది. తేలికగా తిని ఏడున్నరకల్లా పడుకుంటే రెండున్నర దాకా ఏడు గంటలు దొరుకుతాయి. క్యాబిన్‌లో వెలుగు పడకుండా చూసుకోండి. చెవుల్లో ఫోమ్ ప్లగ్స్ పెట్టుకోవచ్చు గానీ అలారం వినిపిస్తుందో లేదో డ్రిల్ రోజు చూసుకోండి, క్యాబిన్‌లో తోటివాడికీ చెప్పి ఉంచండి.



ఇంటి ఫోన్ విషయానికొస్తే, ఖతార్ మనకంటే రెండున్నర గంటలు వెనక. షిఫ్ట్ దిగి ఆరున్నరకు ఫోన్ చేస్తే ఇక్కడ తొమ్మిది, పిల్లలు బడికి పోయి ఉంటారు, ఇక మిగిలేది అప్పుల ముచ్చటే. దాన్ని మోసుకొని పడుకుంటే నిద్రెలా వస్తుంది? లేచాక మూడున్నరకు చేయండి, ఇక్కడ ఆరవుతుంది, పిల్లలతో మాట్లాడొచ్చు. మిత్తి, చిట్టీ, భూమి పంచాయితీ లాంటివి వాట్సాప్‌లో రాసి పెట్టమనండి. ఏది ఎప్పటిలోగా తేలాలో కూడా రాయమనండి. వారానికి ఒక రోజు పెట్టుకొని వాటికి జవాబు ఇవ్వండి. డ్యూటీకి గంట ముందు ఆ మాటలు వద్దు.

దడ వచ్చినప్పుడు నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి, ఐదు నిమిషాలు. భయంతో వచ్చిన దడైతే సాధారణంగా పది నిమిషాల్లో శిఖరానికి చేరి దిగుతుంది. ఛాతీ మీద బరువు పెట్టినట్టుండి నొప్పి ఎడమ చేతికో, దవడకో పాకితే శ్వాస లెక్కలు పెట్టుకుంటూ కూర్చోవద్దు, వెంటనే మెడిక్‌ను పిలవండి. ఉక్కపోతలో నీళ్లు తక్కువైనా గుండె వేగం పెరుగుతుంది. ఎండలో పని చేస్తే 15-20 నిమిషాలకో గ్లాసు తాగాలి.

చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే అదే రోజు మెడిక్‌కు చెప్పండి. ఇంట్లోవాళ్లు 14416 టెలి మానస్‌కు (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు, మీ భార్య సలహా అడగడానికి కూడా.

సైకియాట్రిస్టు దగ్గరకు పోయేటప్పుడు గత రెండు ట్రిప్పుల షిఫ్ట్ చార్టు, బీపీ, ఈసీజీ, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, షుగర్ రిపోర్టులు తీసుకుపోండి. థైరాయిడ్ ఎక్కువైనా వణుకు, దడ, చెమటలు ఇలాగే ఉంటాయి.