థర్మామీటరు విదిలిస్తే జ్వరం దిగదు

శ్రీకాకుళం

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

రాత్రి డ్యూటీలో సర్వర్ల, నెట్‌వర్కు పరికరాల అలారాలతో తెరంతా ఎర్రబడిందని, అన్నీ సెలెక్ట్ చేసి క్లియర్ కొట్టేశానని, తెల్లారేసరికి మళ్ళీ వచ్చి కూర్చున్నాయేటి మావయ్యా అని అడిగావు. రాక ఏం చేస్తాయి? థర్మామీటరు విదిలిస్తే పాదరసం దిగుతుంది గానీ ఒంట్లో జ్వరం దిగదు కదా.

అక్నాలెడ్జ్ వేరు, క్లియర్ వేరు. మొదటిది "చూశాను, పని నా చేతిలో ఉంది" అని చెప్పడం. అది వెంటనే కొట్టు, లేకపోతే కంట్రోల్ రూం నుంచి ఇంకొకడు కూడా అదే పట్టుకుని తిరుగుతాడు. రెండోది మామూలుగా నువ్వు కొట్టేది కాదు. కారణం పోతే పరికరమే అలారాన్ని క్లియర్ చేసుకుంటుంది. సర్వరులో ఈవెంట్ లాగ్ నిండిపోవడం లాంటి కొన్నిటికి మాత్రం చేత్తో తుడవక తప్పదు. అప్పుడైనా ముందు లాగ్‌ని ఫైలుగా దించుకో. డెల్‌లో ఐడ్రాక్ నుంచి, హెచ్‌పీలో ఐలో నుంచి దిగుతుంది, రెండూ సర్వరుని దూరం నుంచి చూసుకునే పేజీలే. వారంటీలో పార్టు అడిగితే కంపెనీవాళ్ళకి కావలసింది ఆ ఫైలే.

తెరమీద అరవై వరసలు ఉన్నంత మాత్రాన అరవై జబ్బులు ఉండవు. బాగా ఎర్రగా ఉన్నదాని వెంట పడకు, అందరికంటే ముందు వచ్చినదాన్ని పట్టుకో. టైము ప్రకారం పేర్చి పాతదాని దగ్గర మొదలుపెట్టి చదువు. మెయిన్స్ ఫెయిల్, ఏసీ ఆగింది గనక గది వేడి, తరవాత బ్యాటరీ లో, ఆనక లింకులు ఒక్కొక్కటే డౌన్. ఇదంతా ఒకే కరెంటు కోత. ఇక్కడో చిక్కుంది. చాలా పరికరాలు లాగ్‌లో టైము యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే లెక్కలో, రాస్తాయి. మనకీ దానికీ 5 గంటల 30 నిమిషాలు తేడా. రాత్రి 2:10కి పోయిన కరెంటు, లాగ్‌లో ముందురోజు తేదీతో 20:40 అని ఉంటుంది. ఒకటి యూటీసీలో, ఇంకొకటి మన టైములో, మూడోది ఎన్‌టీపీ (నెట్‌వర్కు నుంచి గడియారం సరిచేసుకునే ఏర్పాటు) లేక పది నిమిషాలు వెనక నడుస్తుంటే ఏది ముందో ఎవడూ తేల్చలేడు. అందుకని ముందు గడియారాలు సరిచెయ్యి.

మన వైపు కరెంటు సంగతి నీకు చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. కరెంటు పోతే పరికరాలని నడిపే 48 వోల్టుల బ్యాటరీ ప్లాంటంటే 2 వోల్టుల సెల్సు 24. ఫ్లోట్‌లో, అంటే నిండాక నిలకడ ఛార్జింగులో, సెల్‌కి 2.25 చొప్పున మొత్తం 54 ఉండాలి. 54 కనిపించిందని మురిసిపోకు. ఛార్జింగులో ఉన్నంతసేపూ అన్నీ మంచి సెల్సే. కంట్రోల్ రూంకి చెప్పి, మెయిన్స్ ఆపి, పావుగంట లోడు మీద ఉంచి ఒక్కొక్క సెల్ కొలువు. మిగతావి 2 వోల్టుల దగ్గర నిలబడితే, ఒకటి 1.8కి జారిపోయిందంటే బ్యాంకుని ముంచుతున్నది అదే. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు డీజిలు ఎంతుందో చూడటంతో సరిపెట్టకు. జనరేటర్ స్టార్టింగ్ బ్యాటరీ చూడు, ఒకసారి తిప్పి చూడు. ట్యాంకు నిండా డీజిలుండీ స్టార్ట్ కాని జనరేటర్ దేనికి?

సర్వరుకి రెండు పవర్ సప్లైలుంటాయి, ఒకటి పోతే రెండోది మోయడానికి. అది "పవర్ రిడండెన్సీ లాస్ట్" అంటే పవర్ సప్లై చెడిపోయిందని వెంటనే అనుకోకు. లైటు వెలగనిదాని తీగ మాత్రమే తీసి, పనిచేస్తోందని తెలిసిన సాకెట్లో పెట్టు. వెలిగితే తప్పు తీగదో పాత సాకెట్‌దో. వెలగకపోతే అప్పుడు సప్లైని అనుమానించు. ఆ పనిలో బాగున్న తీగని ముట్టుకోకు. రెండు తీగలూ ఒకే పీడీయూలో (ర్యాక్‌లోని ప్లగ్గుల పట్టీలో) గుచ్చి ఉంటే రెండు సప్లైలున్నది పేరుకే.

డిస్కు దగ్గర మాత్రం చెయ్యి నిదానించాలి. రెయిడ్ 5 అంటే కొన్ని డిస్కులని కలిపి ఒకటిగా వాడే పద్ధతి, ఒక డిస్కు పోయినా నడుస్తుంది, రెండోది పోతే డేటా మొత్తం పోతుంది. ఆ రెండోది చాలాసార్లు చెడిపోయి పోదు, మన చేతే లాగేస్తాం. స్లాట్లు చాలా సర్వర్లలో సున్నా నుంచి లెక్క. స్లాట్ 3 అంటే నాలుగోది. అందుకే సాఫ్ట్‌వేర్ నుంచి ఆ డిస్కు లైటు బ్లింక్ చేయించు, కళ్ళతో చూడు, సీరియల్ నంబరు ఉన్న కాగితం చేతిలో పెట్టుకో. బ్యాకప్ ఉందో లేదో అడిగాకే పట్టుకో. గొళ్ళెం నొక్కి రెండు వేళ్ళ మందం బయటికి లాగి ఆగు. లోపల పళ్ళెం తిరుగుతూనే ఉంటుంది, అర నిమిషం పైన ఆగాక పూర్తిగా తియ్యి. అప్పుడు సీరియల్ కాగితంతో పోల్చు. కొత్తది అదే రకం కావాలి, సైజు అంతే లేదా అంతకంటే పెద్దది. కొత్త డిస్కులోకి డేటా మళ్ళీ పేర్చుకోవడం, అంటే రీబిల్డ్, గంటలు పడుతుంది, అది అయ్యేదాకా డిగ్రేడెడ్ (ఒక డిస్కు తక్కువ) అలారం ఉండటమే న్యాయం. ఓపిక పట్టలేక రీబూట్ చెయ్యకు.

వేరే సర్వరులో వాడిన డిస్కు పెడితే "ఫారిన్", అంటే వేరేచోటి రెయిడ్ వివరాలున్నది, అని చూపిస్తుంది. ఆ డిస్కు మీది పాత సమాచారం ఎవరికీ అక్కర్లేదని తేలితే క్లియర్ చెయ్యొచ్చు. కానీ కరెంటు పోయి వచ్చాక నీ సొంత డిస్కులే ఫారిన్ అంటే, క్లియర్ నొక్కావో కొంప మునిగినట్టే. అక్కడ చూడాల్సింది ఇంపోర్ట్, అంటే డిస్కు మీదున్న ఆ వివరాలనే తిరిగి చదివించడం. అదీ సీనియర్ ఎవరినైనా ఫోన్లో పెట్టుకుని చెయ్యి.

ఫైబర్ లింకు డౌన్ అయితే ముందు ఆర్ఎక్స్ పవర్, అంటే మనవైపు అందుతున్న వెలుతురు, చూడు. 3 డీబీ తగ్గిందంటే వెలుతురు సగమైంది. ఫైబర్ గుచ్చే మాడ్యూల్ హద్దు ఎంతో ఆ స్క్రీన్ మీదే ఉంటుంది. మైనస్ 40 డీబీఎం చూపిస్తే వెలుతురే రావట్లేదు, తెగిందో పీకేశారో. మొన్నటిదాకా మైనస్ 12 ఉన్నది ఇవాళ మైనస్ 19 అంటే ముందు మురికినీ, తరవాత ఎక్కడైనా ఒరిసి వంగిన ప్యాచ్ కార్డునీ అనుమానించు. కనెక్టరుని వన్ క్లిక్ క్లీనరుతో ఒకసారి, పోర్టుని ఒకసారి తుడువు. చొక్కా అంచుతో తుడవకు, నోటితో ఊదకు, ఆవిరి అంటుకుంటుంది. పచ్చ కనెక్టరుని నీలం అడాప్టరులో దూర్చకు, ఫైబర్ కొన కోసిన కోణం వేరు. వెలుతురు కంటికి కనపడదు గనక ఉందో లేదో అని తొంగి చూడటం మాత్రం ఎప్పుడూ వద్దు. 80 కిలోమీటర్ల మాడ్యూల్‌కి పరీక్షకి దాని వెలుతురు దానికే తిప్పి లూప్ వెయ్యాల్సొస్తే మధ్యలో వెలుతురు తగ్గించే అటెన్యుయేటర్ లేకుండా వెయ్యకు, రిసీవర్ పోతుంది.

ఫైబర్ ఎక్కడ తెగిందో కొలిచే ఓటీడీఆర్ 12.4 కిలోమీటర్లు అంటే అది ఫైబర్ పొడవు, హైవే మీద దూరం కాదు. దారిలో భూమిలోని చాంబర్లలో చుట్టిపెట్టిన అదనపు కేబుల్ చుట్టలన్నీ అందులో కలిసే ఉంటాయి. తెగినచోటు రోడ్డు లెక్కలో ఇంకా ఇటే ఉంటుంది. జేసీబీ తవ్విన కొత్త మట్టి కనపడితే వెతుకులాట అక్కడే మొదలుపెట్టు.

నెట్‌వర్కు స్విచ్ తప్పు గమనించి పోర్టుని తనే మూసేస్తే (ఎర్రర్ డిసేబుల్) షట్, నో షట్ అని ఆపి తెరవడం అందరికీ వచ్చు. అలా మూయించింది తీగలు చుట్టూ తిరిగి అదే స్విచ్‌లోకి వచ్చిన లూప్ అయితే, అది తీసేశాకే కొట్టు. సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో చెడిపోయి వచ్చిన డేటా లెక్క) వేలల్లో ఉన్నాయని బెదిరిపోకు, అవి ఎప్పటివో తెలీదు. అంకె రాసుకుని కౌంటర్ సున్నా చేసి, గంట తరవాత పెరిగిందా లేదా చూడు. తీరానికి దగ్గరున్న సైట్లలో ఉప్పుగాలికి ఎర్త్ బోల్టులు పచ్చబడతాయి, వెళ్ళినప్పుడల్లా ఒక చూపు వెయ్యి.

ఈ ఆదివారం లోపు మీ ప్లాంటులో 24 సెల్సూ లోడు మీద కొలిచి, నంబరు వారీగా కాగితం మీద రాసి ఫొటో పంపు. చూసి చెప్తాను.

మీ మావయ్య